స్వచ్ఛంద గణనలో కంప్యూటర్ ఎందుకు ఆగుతుంది?

జగిత్యాల పక్కనున్న పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం పేరు వినగానే ఉత్తర తెలంగాణ రైతుకు వరి వంగడాలే గుర్తొస్తాయి. జగిత్యాల సన్నాలుగా పేరుపడిన జె.జి.ఎల్. 1798 అక్కడ రూపుదిద్దుకున్నదే. అదే వరి మీద 2008 మే నుంచి 2010 ఏప్రిల్ వరకు పూర్తిగా వేరే తీరు పరిశోధన ఒకటి నడిచింది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రామ్ సముద్రాల బృందం ‘న్యూట్రిషస్ రైస్ ఫర్ ద వరల్డ్’ పేరుతో వరిలోని వేలాది ప్రోటీన్ల ఆకృతులను లెక్కగట్టడానికి పూనుకుంది. ప్రోటీన్ అనే పొడవాటి గొలుసు ఏ విధంగా ముడుచుకుంటుందో తెలిస్తే అది మొక్కలో ఏ పని చేస్తుందో ఊహించవచ్చు. పోషకాలు, దిగుబడి, తెగుళ్లను తట్టుకునే శక్తి పెంచే దారి అక్కడి నుంచి దొరకవచ్చు. ఇంత లెక్కకు ఒక్క ప్రయోగశాలలోని యంత్రాలు చాలవు. అందుకని ఆ లెక్కను చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రపంచమంతటా మామూలు ఇళ్లలో ఉన్న కంప్యూటర్లకు పంపారు. ఐ.బి.ఎం. 2004 నవంబరులో ప్రారంభించిన వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ ఆ పంపకాన్ని చూసుకుంది.

దీన్నే స్వచ్ఛంద కంప్యూటింగ్ అంటారు. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన గింప్స్ ఇందులో తొలితరం ప్రయత్నం. మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెతికే ఆ పథకం ఇప్పటికీ సాగుతోంది. 2024 అక్టోబరులో 4,10,24,320 అంకెలున్న ప్రధాన సంఖ్య దాని ద్వారానే బయటపడింది. 1999 మేలో బర్కిలీ నుంచి వచ్చిన సెటి ఎట్ హోమ్ ఈ ఆలోచనను లక్షల ఇళ్లకు చేర్చింది. గ్రహాంతర జీవుల జాడ కోసం రేడియో సంకేతాలను జల్లెడ పట్టిన ఆ పథకం 2020 మార్చి 31న కొత్త పనులు పంపడం ఆపేసింది. దాని కోసం డేవిడ్ ఆండర్సన్ బృందం తయారుచేసిన బోయింక్ అనే సాఫ్ట్‌వేర్ మాత్రం నేటికీ పదుల కొద్దీ పథకాలకు ఆధారం. ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అలాంటిదే. 2010లో అమెరికాలోని అయోవా, జర్మనీలోని మైంజ్‌లలో ఉన్న స్వచ్ఛంద సభ్యుల కంప్యూటర్లు, సెకనుకు దాదాపు 41 సార్లు తిరిగే ఒక పల్సర్‌ను ఆ పథకంలోనే పట్టుకున్నాయి. ఆ పథకం విశ్లేషించే వాటిలో లైగో వేధశాలల గురుత్వ తరంగాల సమాచారం కూడా ఉంది. మన దేశపు లైగో కోసం 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అది రాబోతున్న మహారాష్ట్రలోని హింగోలి జిల్లాకూ జగిత్యాలకూ మధ్య ఉన్న దూరం రెండు వందల పైచిలుకు కిలోమీటర్లే. ఈ విజ్ఞానం మనకు దూరపు సంగతి కాదని చెప్పడానికే ఇదంతా.

జగిత్యాల జిల్లాలోని నాచుపల్లిలో 2007 నుంచి జె.ఎన్.టి.యు. ఇంజినీరింగ్ కళాశాల ఉంది. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద బతికే ఇళ్ల పిల్లలు డిగ్రీలు, ఇంజినీరింగ్ చదువుతున్నారు. ఒక ప్రోటీన్ మడతనో ఒక నక్షత్రపు సంకేతాన్నో తన టేబుల్ మీది యంత్రంతో లెక్కించవచ్చని తెలిసిన విద్యార్థి ఉత్సాహంగా బోయింక్ వేసుకుంటాడు. కొన్నాళ్లకే చిక్కు మొదలవుతుంది. కాసేపు బాగా నడిచిన కంప్యూటర్ బిగుసుకుపోతుంది, లేదా తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది, లేదా పని శాతం ఒకే అంకె దగ్గర గంటల తరబడి కదలదు. రిపేరు షాపుకు తీసుకెళ్తే తొంభై పాళ్లు వచ్చే సలహా ఒక్కటే: ఫార్మాట్ కొట్టిద్దాం.

ఫార్మాట్‌తో నయమయ్యే జబ్బులు ఉన్నాయి, కానీ ఇక్కడ అది చివరి మెట్టు కావాలి. ఫార్మాట్ చేస్తే సగం పూర్తయిన లెక్కలు పోతాయి. అంతకన్నా పెద్ద నష్టం, యంత్రం ఎందుకు ఆగిందో చెప్పే చిట్టాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఈ లెక్కలు సామాన్యంగా యంత్రాన్ని పాడుచేయవు. ఉత్తరాలు టైపు చేసినప్పుడు, సినిమా చూసినప్పుడు బయటపడని లోపాన్ని బయటికి తెస్తాయి. మామూలు వాడకంలో ప్రాసెసర్ ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది. స్వచ్ఛంద గణన దాన్ని గంటల తరబడి నిండు సామర్థ్యంతో పనిచేయిస్తుంది. అప్పుడు బలహీనంగా ఉన్న భాగం ఏదైతే అదే ముందు లొంగుతుంది. కనుక ఆగిన కంప్యూటర్ మనకేదో చెబుతోందన్న నమ్మకంతో వెతుకులాట మొదలుపెట్టాలి.

ముందుగా తేల్చుకోవలసింది, అది నిజంగా ఆగిందా లేదా అని. ఆగినట్టు కనిపించే స్థితులు మూడు. పని తన వంతు కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. నడుస్తూనే మనకు తెలియనంత నెమ్మదించి ఉండవచ్చు. లేదా యంత్రమే స్తంభించి ఉండవచ్చు. ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు.

ఎదురుచూడటం జబ్బే కాదు. బోయింక్ మేనేజర్‌లో ప్రతి పని ఎదురుగా దాని స్థితి రాసి ఉంటుంది, చాలామంది ఆ గడి చదవరు. ‘బ్యాటరీ మీద ఉన్నందున నిలిపివేశాం’ అనే అర్థంలో ఉంటే, ల్యాప్‌టాప్‌కు చార్జర్ అందడం లేదని. బ్యాటరీ మీద లెక్కలు చేయకపోవడం ఆ సాఫ్ట్‌వేర్‌కు పుట్టుకతో వచ్చిన నియమం. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన నాన్నో అన్నో తెచ్చిచ్చిన ల్యాప్‌టాప్‌లు కోరుట్లలో, మెట్‌పల్లిలో ఎన్నో ఇళ్లలో కనిపిస్తాయి. వాటి ప్లగ్గు మన సాకెట్‌లో సరిగ్గా కూర్చోక, అడాప్టర్ వదులై, చార్జింగ్ వచ్చీ పోతూ ఉంటే పని కూడా నడిచీ ఆగుతూ ఉంటుంది. దానికి కావలసింది మంచి సాకెట్. డెస్క్‌టాప్‌కు యు.ఎస్.బి. తీగతో యు.పి.ఎస్. కలిపినా ఇదే చిక్కు రావచ్చు. విండోస్ ఆ యు.పి.ఎస్.ను బ్యాటరీగానే లెక్కిస్తుంది.

వేరే ప్రోగ్రాములు ప్రాసెసర్‌లో 25 శాతానికి మించి వాడుకుంటుంటే బోయింక్ తప్పుకుంటుంది, అదీ మొదటి నుంచి ఉన్న నియమమే. వెనకాల విండోస్ అప్‌డేటో యాంటీవైరస్ తనిఖీయో సాగుతుంటే పని పదేపదే ఆగుతుంది. యాంటీవైరస్ కొన్నిసార్లు లెక్కల ఫైళ్లనే అనుమానించి పట్టుకుని కూర్చుంటుంది. అలాంటప్పుడు బోయింక్ డేటా ఫోల్డర్‌ను తనిఖీ నుంచి మినహాయించాలి. కంప్యూటర్ నిద్రలోకి జారుకుంటే లెక్కా నిద్రపోతుంది. రాత్రంతా నడుస్తుందని వదిలేసి పడుకున్నవారు పవర్ సెట్టింగులలో స్లీప్ సమయాన్ని ఒకసారి చూసుకోవాలి. కొన్నిసార్లు లోపం అసలు మన దగ్గర ఉండదు. 2020 మార్చిలో కరోనా ప్రోటీన్ల మీద పనిచేద్దామని జనం ఒక్కసారిగా ఫోల్డింగ్ ఎట్ హోమ్ అనే స్వచ్ఛంద పథకంలో చేరారు. ఆ ఉమ్మడి బలం సెకనుకు పదివేల కోటి కోట్ల లెక్కల స్థాయికి చేరింది. అయినా అందరికీ పంచడానికి సరిపడా పనులు సర్వర్లలో లేక ఎన్నో కంప్యూటర్లు ఖాళీగా ఉండిపోయాయి. పని అందకపోతే ముందుగా ఆ పథకం తరఫు ప్రకటనలు చూడాలి.

ఇక కదలని శాతం సంగతి. తెర మీద కనిపించే శాతాన్ని గుడ్డిగా నమ్మకూడదు. కొన్ని లెక్కలు తామెంత పూర్తయ్యామో బయటికి చెప్పవు. అప్పుడు బోయింక్ గడిచిన సమయాన్ని బట్టి ఒక అంచనా వేసి చూపిస్తుంది. అది నూటికి దగ్గరవుతున్న కొద్దీ నత్తనడకన సాగుతుంది, 99 దాటాక గంటల తరబడి నిలబడినట్టే ఉంటుంది. నిజం తెలియాలంటే పని లక్షణాలను చూపించే కిటికీ తెరిచి రెండు అంకెలు పోల్చాలి. ఒకటి గడియారం ప్రకారం గడిచిన సమయం, రెండోది ప్రాసెసర్ నిజంగా ఆ పని మీద వెచ్చించిన సమయం. పది నిమిషాల తర్వాత మళ్లీ చూసినప్పుడు రెండోది కూడా దాదాపు పది నిమిషాలు పెరిగి ఉంటే లెక్క సాగుతోందని అర్థం, ఓపిక పట్టాలి. మొదటిది పెరిగి రెండోది కదలకపోతే పని నిజంగానే నిలిచింది.

అదే కిటికీలో చెక్‌పాయింట్ అనే మాట ఉంటుంది. మన పరిస్థితుల్లో ఇది చాలా ముఖ్యం. లెక్క మధ్యలో కరెంటు పోతే మొదటి నుంచి చేయాల్సిన అవసరం రాకుండా, ప్రోగ్రాము అప్పుడప్పుడు తన స్థితిని డిస్కు మీద రాసుకుంటుంది. నిమిషానికి ఒకసారి దాకా రాసుకోవచ్చని బోయింక్ అనుమతిస్తుంది. కానీ నిజంగా ఎప్పుడు రాయాలో నిర్ణయించేది ఆ లెక్క స్వభావమే. కొన్ని లెక్కలు గంటన్నరకు ఒకసారి గానీ రాయవు. కరెంటు గంటకోసారి పోయే రోజున అటువంటి లెక్క ఎన్ని రోజులైనా పూర్తి కాదు. ప్రతిసారీ గంట ముందుకు వెళ్తుంది, గంట వెనక్కి వస్తుంది. చూసేవారికి అది సరిగ్గా ఒకే శాతం దగ్గర చిక్కుకున్నట్టు కనిపిస్తుంది. యంత్రంలో ఏ లోపమూ లేదు. చేయవలసిందల్లా తరచుగా చెక్‌పాయింట్ రాసే పథకాన్ని ఎంచుకోవడం. ఒక పని నుంచి మరో పనికి మారినప్పుడు కూడా లెక్క వెనక్కి పోకుండా, పాతదాన్ని మెమరీలోనే ఉంచమని సెట్టింగు పెట్టవచ్చు.

పాత డెస్క్‌టాప్‌లలో మరో విచిత్రం కనిపిస్తుంది. రాత్రి పడుకునే ముందు బోర్డు మీద స్విచ్ ఆపడం మన ఇళ్లలో అలవాటు, మంచి అలవాటే. అప్పుడు కంప్యూటర్ లోపలి గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే 3 వోల్టుల సెల్లు. అది చచ్చిపోతే మర్నాడు కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంది. తేదీ తప్పితే సర్వర్ చూపించే భద్రతా ధ్రువపత్రం చెల్లనిదిగా కనిపించి సంబంధం తెగిపోతుంది. పూర్తయిన లెక్కలు వెళ్లక, కొత్తవి రాక అంతా ఆగిపోతుంది. నెట్ బాగుంది, బ్రౌజర్ మాత్రం ఏ సైటు తెరిచినా హెచ్చరిక చూపిస్తోందంటే ముందు తెర మూలన తేదీ చూడండి. ఆ సెల్లు ఏ గడియారాల కొట్టులోనైనా దొరుకుతుంది.

రెండో స్థితి నెమ్మదించడం. మూడోది స్తంభించడం. మన ఊళ్లలో ఈ రెండింటికీ మొదటి అనుమానితుడు వేడి. మే నెలలో జగిత్యాల జిల్లాలో 45 డిగ్రీలు దాటిన రోజులు వస్తూనే ఉంటాయి. చిప్ వేడికి ఒక సరళమైన లెక్క ఉంది. ఫ్యాన్ గాలితో చల్లబడే ప్రాసెసర్ తన గది కన్నా ఇన్ని డిగ్రీలు ఎక్కువ అన్న తేడాలో స్థిరపడుతుంది. ఆ తేడా ప్రధానంగా అది ఖర్చు చేసే కరెంటు మీద, చల్లబరిచే అమరిక మీద ఆధారపడుతుంది. జనవరిలో గది 25 డిగ్రీలుండి, నిండు భారం మీద చిప్ 75 దగ్గర నిలబడిందనుకుందాం. తేడా 50. మేలో అదే గది 41 డిగ్రీలకు చేరితే చిప్ 91కి వెళ్తుంది. హీట్‌సింక్‌లో దుమ్ము పట్టి తేడా 60కి పెరిగితే 101. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. హద్దు చేరగానే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అదే మనకు నెమ్మదించడంగా కనిపిస్తుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే ఒక్కసారిగా కరెంటు ఆపేసుకుంటుంది. శీతాకాలంలో బాగా నడిచిన కంప్యూటర్ ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రమే ఆగుతోందంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

స్వచ్ఛంద లెక్కలు అన్నిటికన్నా తక్కువ ప్రాధాన్యంతో నడుస్తాయి కాబట్టి కంప్యూటర్‌కు ఏమీ కాదని కొందరు అనుకుంటారు. ప్రాధాన్యం అనేది ప్రాసెసర్ సమయాన్ని పంచుకునే వరస మాత్రమే. వేడికి ఆ వరస తెలియదు.

సిరిసిల్లలో ఈ సమస్యకు ఇంకో కోణం ఉంది. బీవై నగర్ వంటి కార్మికవాడల్లో సాంచాలు ఉన్న షెడ్డుకు, కుటుంబం ఉండే గదికి మధ్య ఒక్క గోడే ఉంటుంది. నూలు మీద సాంచె ఆడినంతసేపూ సన్నటి పీచు గాలిలోకి లేస్తుంది. అది మామూలు దుమ్ములా కింద రాలిపోదు. గాలి ఎటు లాగితే అటు పోతుంది, కంప్యూటర్ ఫ్యాన్ గాలిని లోపలికే లాగుతుంది. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌ను నాలుగు మరలు విప్పి తీస్తే, దాని కింద హీట్‌సింక్ రేకుల మీద ఆ పీచు కంబళి ముక్కలా పరుచుకుని ఉంటుంది. పైనుంచి చూస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, చప్పుడు కూడా చేస్తూనే ఉంటుంది. గాలి మాత్రం రేకుల మధ్యకు పోదు. ఫ్యాన్ విప్పకుండా బ్లోయర్ పెట్టి ఊదితే ఆ పొర మరింత లోపలికి దిగబడుతుంది. కాబట్టి కరెంటు తీగ పూర్తిగా తీసేసి, ఫ్యాన్ విప్పి, పొరను చేత్తో లేపి తీయాలి. మిగిలిన ధూళిని మెత్తటి బ్రష్షుతో దులపాలి. ఆ తర్వాతే ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి, లేకుంటే అది అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్‌ను కూడా పైకి లేపితే పాత థర్మల్ పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టడం తప్పనిసరి. ఎండిపోయిన పేస్ట్ మీదే మళ్లీ బిగిస్తే మునుపటికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాలోనూ ఇదే పీచు చేరుతుంది. కానీ దాని లోపల కెపాసిటర్లలో కరెంటు ఆపాక కూడా ప్రమాదకరమైన వోల్టేజీ మిగిలి ఉంటుంది. దాన్ని విప్పకూడదు, బయటి నుంచే శుభ్రం చేయాలి.

శుభ్రం చేసినా వేడి తగ్గకపోతే లెక్క భారం తగ్గించాలి. ఇక్కడ బోయింక్‌లో రెండు సెట్టింగులు పక్కపక్కనే ఉండి తికమక పెడతాయి. ఒకటి ఎన్ని కోర్లు వాడాలన్నది, ఇంకొకటి ఎంత శాతం సమయం వాడాలన్నది. రెండోది పనిని కాసేపు నడిపి కాసేపు ఆపుతూ చిప్‌ను వేడిచల్లని ఊగిసలాటలో పెడుతుంది. మొదటిదే మేలు. నాలుగు కోర్లున్న చోట రెండే ఇస్తే వేడి నిలకడగా తగ్గుతుంది. విండోస్ పవర్ సెట్టింగులలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99కి మార్చడం ఇంకో ఉపాయం. ఆ ఒక్క శాతం తేడాతో టర్బో వేగం ఆగిపోతుంది. లెక్క కొంత ఆలస్యమవుతుంది, వేడి మాత్రం బాగా దిగుతుంది. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఈ లెక్కలు నడపకూడదని వేరే చెప్పాలా!

వేడి తర్వాత మెమరీ. రోజెట్టా ఎట్ హోమ్ వంటి ప్రోటీన్ పథకాల్లో ఒక్కో పనికి ఒక గిగాబైట్ దాటి మెమరీ కావలసి రావచ్చు. ఆ పథకం పుట్టిన ప్రయోగశాలకు అధిపతి డేవిడ్ బేకర్‌కు 2024లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చాక దానిపై ఆసక్తి పెరగడం సహజం. 8 గిగాబైట్ల యంత్రంలో నాలుగు కోర్ల మీద నాలుగు పనులు, ఒక్కోటీ ఒకటిన్నర గిగాబైట్లు తీసుకుంటే ఆరు అవుతుంది. విండోస్‌కూ బ్రౌజర్‌కూ మూడు వేసుకుంటే తొమ్మిది. ఆ ఎక్కువైన ఒక్క గిగాబైట్ కోసం కంప్యూటర్ డిస్కును మెమరీగా వాడటం మొదలుపెడుతుంది. పాత తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే మౌస్ బాణం కూడా కదలదు, డిస్కు లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. ఆ లైటే గుర్తు. మనం కంప్యూటర్ వాడుతున్నప్పుడు సగం మెమరీకి మించి తీసుకోకూడదని బోయింక్‌లో ముందే హద్దు ఉంటుంది. ఎక్కువ పని చేద్దామన్న ఉత్సాహంతో దాన్ని పెంచినవారికే ఈ కష్టం.

కరెంటు నాణ్యత అంత తేలిగ్గా బయటపడదు. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు, అంటే ఒక్కోటి 20 మిల్లీసెకన్లు. కంప్యూటర్ ఎస్.ఎం.పి.ఎస్.లోని కెపాసిటర్లు కరెంటు తెగినా నిండు భారం మీద సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకురాగలవు. కొత్తగా, నాణ్యంగా ఉన్నప్పటి మాట అది. ఇంటి ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది, ఒకవైపు సాధారణం, మరోవైపు యు.పి.ఎస్. సాధారణ స్థితిలో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునే వ్యవధి 20 మిల్లీసెకన్లు దాటవచ్చు. ఫ్యాన్లకూ బల్బులకూ అది లెక్కలోది కాదు. యు.పి.ఎస్. స్థితిలో అది దాదాపు సగానికి తగ్గుతుంది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు తీసుకునే కరెంటు తక్కువ కాబట్టి కెపాసిటర్లలోని నిల్వ ఎక్కువసేపు వస్తుంది, ఆ చిన్న విరామాన్ని దాటేస్తుంది. లెక్కల భారం మీద అదే విరామానికి కుప్పకూలుతుంది. బ్రౌజింగ్ చేస్తున్నప్పుడు రీస్టార్ట్ కాని యంత్రం బోయింక్ నడుపుతున్నప్పుడు మాత్రమే అవుతోందంటే, సాఫ్ట్‌వేర్‌ను తిట్టేముందు ఆ స్విచ్ ఏ వైపు ఉందో చూడాలి.

సిరిసిల్ల ప్రాంతానికి 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘం, అందరూ పిలిచే సెస్, కరెంటు ఇస్తుంది. లైను ఎంత బాగున్నా, సాంచె మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. అదే ఇంటి వైరింగ్ మీద కంప్యూటర్ ఉంటే ఆ క్షణం వోల్టేజీ కుంగడం దానికి తగులుతుంది. మీటరు దగ్గరి నుంచి కంప్యూటర్‌కు వేరే తీగ లాగించడం, ఎర్తింగ్ సరిచూడటం ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. ఎస్.ఎం.పి.ఎస్. ఇచ్చే 12 వోల్టులు భారం మీద 11.4 కన్నా తగ్గకూడదు. తగ్గుతోందంటే దాన్ని మార్చాల్సిందే.

గ్రాఫిక్స్ కార్డు మీద లెక్కలు నడిపేవారికి ఒక్క మాట. కార్డు రెండు సెకన్ల పాటు బదులు పలకకపోతే విండోస్ దాని డ్రైవర్‌ను తిరిగి మొదలుపెడుతుంది. తెర ఒక్కసారి నల్లబడి వస్తుంది, లెక్క చెడిపోతుంది. డ్రైవర్‌ను శుభ్రంగా తీసి మళ్లీ వేయడం, కార్డుపై పెంచిన వేగాలను తగ్గించడం చాలాసార్లు సరిపోతుంది.

ఇన్ని చూసినా దొరకని లోపాలు ఉంటాయి. 2016 జనవరిలో అలాంటిదొకటి ప్రపంచం దృష్టికి వచ్చింది. గింప్స్ వాడే ప్రైమ్95 అనే ప్రోగ్రాము నడుపుతుంటే, ఇంటెల్ కొత్త స్కైలేక్ ప్రాసెసర్లున్న యంత్రాలు బిగుసుకుపోయేవి. అన్ని లెక్కలకూ కాదు. 1,49,42,209 అనే ఘాతాంకం మీద పనిచేస్తున్నప్పుడు ఆ లోపం తేటతెల్లంగా కనిపించింది. ఆ యంత్రాలు కొత్తవి, చల్లగా ఉన్నవి, మిగతా పరీక్షలన్నీ నెగ్గినవి. ఒక మనిషి ఇంట్లో ఇది జరిగి ఉంటే మెమరీ మార్చి, విండోస్ మార్చి, చివరికి విసిగి వదిలేసేవాడు. గణితప్రియులు వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు మదర్‌బోర్డుల మీద అదే లెక్కను నడిపి చూశారు. అన్నిచోట్లా ఉమ్మడిగా ఉన్నది ప్రాసెసర్ ఒక్కటే. ఇంటెల్ లోపాన్ని ఒప్పుకుంది, బయాస్ నవీకరణ ద్వారా సరిదిద్దింది. స్వచ్ఛంద గణన తన అసలు లక్ష్యం కాని చోట కూడా లోకానికి చేసిన మేలు ఇది.

అంతకు ముందు 1994లో వర్జీనియాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీ చూపిన ఓర్పును కూడా ఇక్కడ తలచుకోవాలి. కవల ప్రధాన సంఖ్యల మీద ఆయన చేస్తున్న లెక్క జూన్‌లో తేడా కొట్టింది. తన ప్రోగ్రామును, కంపైలర్‌ను, మదర్‌బోర్డును ఒక్కొక్కటిగా పరీక్షించి పక్కన పెట్టడానికి ఆయనకు నెలలు పట్టింది. చివరికి అక్టోబరులో పెంటియం ప్రాసెసరే తప్పుచేస్తోందని తేల్చారు. ఒకటిని 824633702441తో భాగిస్తే ఎనిమిదో సార్థక అంకె తర్వాతవన్నీ తప్పుగా వస్తున్నాయి. ఇంటెల్‌కు ఆ తప్పు 47.5 కోట్ల డాలర్ల ఖర్చుగా తేలింది. నెలల తరబడి ఆయన నమ్ముకున్నది ఒక్కసారి ఒక్కటే మార్చి చూడటాన్ని.

ఆ పద్ధతి మనకు కొత్త కాదు. పోగు తెగి సాంచె ఆగితే సిరిసిల్ల కార్మికుడు సాంచెను విప్పి పోయడు, తెగిన పోగును వెతికి ముడివేస్తాడు. కంప్యూటర్ దగ్గరా అంతే. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ఆగిన నిమిషానికి ఎదురుగా ఏదో ఒకటి రాసి ఉంటుంది. కెర్నల్ పవర్ 41 అని ఉంటే యంత్రం సరిగ్గా మూతపడకుండా పోయిందని, అంటే కరెంటు, ఎస్.ఎం.పి.ఎస్. లేదా వేడిని అనుమానించాలి. వియా లాగర్ అని ఉంటే ప్రాసెసరో మెమరీయో తనలోని పొరపాటును తానే నివేదించిందని. డిస్కు పేరుతో హెచ్చరికలుంటే ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట దాచుకుని, ఆ తర్వాత డిస్కు ఆరోగ్యం చూడాలి. ఏమీ రాసి లేకపోతే ఒక్క కోరుతో లెక్క నడపండి. నిలబడితే రెండు చేయండి. మెమరీ పలకలు రెండుంటే ఒకటి తీసి రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపండి, మర్నాడు రెండోది. ప్రైమ్95లోని కఠిన పరీక్ష గంటసేపు తప్పు చూపకుండా నడిచి, బోయింక్‌లో ఒకే పథకపు పనులు మాత్రమే ఆగుతున్నాయంటే లోపం ఆ పథకపు ప్రోగ్రాములోదే కావచ్చు. ఆ ఒక్క పనిని రద్దుచేసి ముందుకు వెళ్లండి. ప్రతి మార్పునూ తేదీతో సహా నోటుబుక్కులో రాయండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

తమ యంత్రం ఆగిపోవడం వల్ల పరిశోధన పాడైందేమోనని విద్యార్థులు బాధపడతారు. ఆ భయం అక్కర్లేదు. ప్రతి పనికీ గడువు ఉంటుంది, గడువు దాటితే అదే ముక్క ఇంకొకరికి వెళ్తుంది. చాలా పథకాలు ఒకే ముక్కను ఇద్దరికి పంపి జవాబులు సరిపోలితేనే తీసుకుంటాయి. ఎవరో ఒకరి యంత్రం తప్పు చేస్తుందని ముందే అనుకుని కట్టిన వ్యవస్థ ఇది. అయితే తప్పుడు జవాబులు పదేపదే పంపే యంత్రాన్ని నడుపుతూ పోవడం ఇతరుల సమయాన్ని వృథా చేయడమే. జవాబులు తిరస్కరణకు గురవుతుంటే ఆపి, లోపం సరిచేసుకున్నాకే మళ్లీ మొదలుపెట్టాలి.

ఖర్చు విషయం దాచకూడదు. నిండు భారం మీద వంద వాట్లు తీసుకునే డెస్క్‌టాప్ రోజంతా నడిస్తే 2.4 యూనిట్లు, నెలకు 72 యూనిట్లు. నెల జీతం మీద బతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా నడపడం సరికాదు. కళాశాల ల్యాబుల్లోనైతే అధ్యాపకుల లిఖిత అనుమతి ఉండాలి. బోయింక్‌లో ఏ గంట నుంచి ఏ గంట వరకు నడవాలో పెట్టుకునే వీలుంది. మార్చి నుంచి జూన్ దాకా రాత్రి పదకొండు నుంచి తెల్లవారి ఆరు వరకు, సగం కోర్లతో నడపడం మన ఊళ్లకు తగిన పద్ధతి. మధ్యాహ్నం గదిలో మనిషికే ఊపిరాడనప్పుడు యంత్రానికి విశ్రాంతి ఇవ్వడమే న్యాయం.

నాచుపల్లిలోనూ సిరిసిల్లలోనూ కంప్యూటర్ సైన్సు చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. మూలన పడేసిన ఒక పాత కంప్యూటర్‌ను తీసి, దానికి ఒక థర్మామీటరును, ఒక నోటుబుక్కును జతచేసి విద్యార్థుల చేతికి ఇవ్వండి. ఒక లెక్క మొదలుపెట్టించి, అది ఆగినప్పుడు కారణం తేలేదాకా ఫార్మాట్ చేయనివ్వకండి.